నా పెట్టె నా వెంటే

పిల్లలూ! ముందుగా నా బడిలో జరిగిన ఒక సంగతి చెబుతాను.

అది 2010వ సంవత్సరం. నేనప్పుడు ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుణ్ణి. మా బడికి కొత్తగా పది కంప్యూటర్లు వచ్చాయి. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి తన వూళ్లో వున్న బావులన్నీ తిరిగి, తాడుకు రాయి కట్టి దింపి, ఏ బావిలో ఎంత లోతున నీళ్లున్నాయో కొలిచి నోటుపుస్తకంలో రాసుకున్నది. ఆ లెక్కలన్నిటినీ నాలుగో నంబరు కంప్యూటరులో పట్టికలుగా వేసి, రంగులతో బొమ్మలు గీసింది. రోజుకు అరగంట చొప్పున మూడు వారాలు పట్టింది. సైన్సు ప్రదర్శన రెండు రోజులున్నదనగా ఆ నాలుగో నంబరు కంప్యూటరు కాస్తా మూలపడింది. పట్నంనుంచి వచ్చిన మెకానిక్కు విప్పిచూసి, లోపలి డిస్కు చెడిపోయిందనీ, అందులో దాచినవి ఇక రావనీ చెప్పాడు.

ఆ అమ్మాయి ఏడవలేదు. నా గదిలోకి వచ్చి, "మిగతా తొమ్మిదీ బాగానే వున్నాయి గదా, సార్! నా బొమ్మలు వాటిలో ఎందుకు లేవు?" అని అడిగింది.

"నువ్వు నాలుగోదానిలో దాచావు గనక" అన్నాను.

"అన్నీ మన బడివే గదా, సార్! అన్నిటినీ కలుపుతూ తీగ కూడా వుంది. నేనెక్కడ కూర్చుంటే నా పని అక్కడికి రాకూడదా?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. తరువాత చదివి తెలుసుకున్నదేమంటే, ఆ పిల్ల అడిగినది కొత్త ప్రశ్న కాదు. పాతికేళ్లకు పైగా ముందే అమెరికాలో రెండు విశ్వవిద్యాలయాలవారు సరిగ్గా ఇదే ప్రశ్న వేసుకుని, ఏళ్లతరబడి శ్రమపడి, దారి కనిపెట్టారు. ఆనాడు ఆ అమ్మాయికి చెప్పలేకపోయిన జవాబు ఈనాడు మీకు చెబుతాను.

ఒకే కంప్యూటరున్న కాలం

కంప్యూటర్లు పుట్టిన కొత్తలో అవి గదులంత వుండేవి. విశ్వవిద్యాలయం మొత్తానికి ఒకటో రెండో వుండేవి. బోస్టను నగరం పక్కన కేంబ్రిడ్జి అనే వూళ్లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయం వుంది. దాన్ని పొట్టిగా ఎం.ఐ.టి. అంటారు. 1961 నవంబరులో అక్కడ ఫెర్నాండో కోర్బటో అనే శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి, ఒకే కంప్యూటరును ఒకేసారి కొందరు వాడుకునే ఏర్పాటు చేసి చూపాడు. ప్రతివారి ముందూ టైపు యంత్రంలాటిది ఒకటి వుంటుంది. బంతిలో కూర్చున్నవారికి వడ్డించే మనిషి ఒక్కొక్కరి విస్తట్లో ఒక్కొక్క గరిటె వేస్తూ ముందుకు పోయినట్టు, కంప్యూటరు ఒక్కొక్కరి పని కొంచెం కొంచెం చేస్తూ పోతుంది. అది ఎంత వేగంగా తిరుగుతుందంటే, ఎవరికి వారికి కంప్యూటరంతా తమదేననిపిస్తుంది.

ఆ కాలంలో మా అమ్మాయి అడిగిన ప్రశ్నే పుట్టదు. ఏ టైపు యంత్రం దగ్గర కూర్చున్నా మన పని మనకు కనిపించేది. ఎందుకంటే అందరి పనీ దాచుకున్న చోటు ఒక్కటే.

కాని మరో చిక్కు వచ్చింది. కూర్చున్న మనిషి ఎవరో కంప్యూటరుకు ఎలా తెలియాలి? అందుకని ప్రతివారికీ ఒక రహస్యమైన మాట పెట్టారు. అదే పాస్‌వర్డు. 1966లో ఒక తమాషా జరిగింది. ఒకరు ఆనాటి ప్రకటనను దిద్దుతున్నారు. అదే సమయంలో మరొకరు పాస్‌వర్డుల పట్టికను దిద్దుతున్నారు. దిద్దే ప్రోగ్రాము ఆ రెండిటి చిత్తుప్రతులకూ ఒకే పేరు పెట్టింది. రెండూ తారుమారయ్యాయి. ఆ తరువాత కంప్యూటరులోకి వచ్చిన ప్రతివారికీ ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులూ వరుసగా అచ్చయి వచ్చాయి! రహస్యాలన్నిటినీ చదవడానికి వీలైన రూపంలో ఒకేచోట రాసిపెట్టడం ఎంత ప్రమాదమో అందరికీ తెలిసివచ్చింది.

ఎవరి పెట్టె వారిది

తరువాత కంప్యూటర్లు చిన్నవయ్యాయి, చౌక అయ్యాయి. 1980 నాటికి ఒక్కొక్కరి బల్లమీద ఒక్కొక్కటి పెట్టుకునే రోజులు వచ్చాయి. ఎవరి డిస్కు వారిదే. ఇది మేలే. కాని ఏకంగా వున్నది ముక్కలైపోయింది.

నేను హాస్టలులో చదువుకునే రోజుల్లో నాకొక రేకు ట్రంకుపెట్టె వుండేది. పుస్తకాలు, బట్టలు, అమ్మ పంపిన సున్నుండల డబ్బా అన్నీ అందులోనే. గది మారమంటే పెట్టె నెత్తిన పెట్టుకుని మారవలసిందే. పెట్టె ఒక గదిలో, నేను మరో గదిలో వుంటే ఆ రాత్రి నాకు దుప్పటి కూడా లేనట్టే. బల్లమీది కంప్యూటరూ ఇలాటిదే. అయితే దాన్ని నెత్తిన పెట్టుకుని మోయలేం.

పెట్టెలో వున్నవి ఫైళ్లు మాత్రమే కాదు సుమా! అక్షరాలు పెద్దవిగా కనిపించాలా, చిన్నవిగానా. తెలుగు ఏ మీటల వరుసతో టైపు చేస్తాం. తెరమీద ఏ బొమ్మ వుండాలి - ఇలా మన అలవాటును బట్టి చేసుకున్న అమరికలు కూడా అందులోనే వుంటాయి. వీటినే సెట్టింగులంటారు. చూపు తక్కువైన నావంటివాడికి అక్షరాల సైజు సరిగా లేకపోతే ఆ యంత్రం వున్నా లేనట్టే.

పిట్స్‌బర్గులో ఆలోచన

అమెరికాలో పిట్స్‌బర్గు అనే నగరంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వుంది. బల్లమీది కంప్యూటరు ఎంత శక్తిగలదై వుండాలని అక్కడివారు ముందునుంచే ఆలోచిస్తున్నారు. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో 1937లో పుట్టిన మన రాజ్ రెడ్డిగారు అక్కడే ఆచార్యులు. పదిలక్షల అక్షరాలు జ్ఞాపకం పెట్టుకోగలిగి, సెకనుకు పదిలక్షల ఆజ్ఞలు నెరవేర్చి, తెరమీద పదిలక్షల చుక్కలు చూపగల కంప్యూటరు విద్యార్థికి కావాలని ఆయనా, ఆయన సహచరులూ 1980 ప్రాంతంలో ప్రతిపాదించారు. రాజ్ రెడ్డిగారికి 1994లో ట్యూరింగ్ బహుమతి వచ్చింది. కంప్యూటరు శాస్త్రంలో అంతకు మించిన బహుమతి లేదు.

1982లో ఆ విశ్వవిద్యాలయం ఐ.బి.ఎం. కంపెనీతో ఒప్పందం చేసుకుని ఒక పెద్ద పని తలపెట్టింది. దాని పేరు ఆండ్రూ. విశ్వవిద్యాలయం పేరులోని కార్నెగీ, మెలన్ ఇద్దరి పేర్లూ ఆండ్రూయే. వేలకొద్దీ కంప్యూటర్లు పెట్టాలి. విద్యార్థి వాటిలో దేని ముందు కూర్చున్నా తన ఫైళ్లు, తన అమరికలు తన ముందుండాలి. ఇదీ వారి సంకల్పం.

ఫైళ్లు దాచే పద్ధతిని రూపొందించినవారిలో ముఖ్యుడు ఎం. సత్యనారాయణన్. ఆయన మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి పిట్స్‌బర్గు వెళ్లినవాడు.

వారు చేసిన ఏర్పాటు ఇది. ఫైళ్లన్నీ కొన్ని పెద్ద యంత్రాలలో భద్రంగా వుంటాయి. వాటిని సర్వర్లంటారు. మనం గిడ్డంగి అనుకుందాం. బల్లమీది కంప్యూటరులో వీనస్ అనే సేవకుడు, అనగా ఒక ప్రోగ్రాము, వుంటాడు. మనం ఒక ఫైలు తెరిస్తే, వీనస్ గిడ్డంగికి పోయి ఆ ఫైలుకు నకలు తెచ్చి మన డిస్కుమీద పెడతాడు. ఇక మనం రాసేదీ దిద్దేదీ ఆ నకలునే. పని అయి ఫైలు మూయగానే, దిద్దిన ప్రతిని వీనస్ గిడ్డంగికి చేరుస్తాడు. రేపు మనం మరో భవనంలో మరో కంప్యూటరు ముందు కూర్చుంటే, అక్కడి వీనస్ ఆ కొత్త ప్రతినే తెచ్చి ఇస్తాడు.

అమరికల సంగతేమిటి? అక్కడొక చిన్న ఉపాయం ముందునుంచే వుంది. ఆ కంప్యూటర్లలో వాడిన యూనిక్స్ పద్ధతిలో మన అమరికలు కూడా మామూలు ఫైళ్లే. వాటి పేరుకు ముందు ఒక చుక్క వుంటుంది. చుక్కతో మొదలయ్యే ఫైళ్లు సాధారణంగా జాబితాలో కనిపించవు. అవీ మన పెట్టెలోనే వుంటాయి గనక, పెట్టె వచ్చిన చోటికల్లా అవీ వస్తాయి.

"మారిందా? మారిందా?"

ఇంత చక్కని ఏర్పాటూ మొదట సరిగా నడవలేదు. ఎందుకో చూడండి.

నిన్న తెచ్చిన నకలు నా డిస్కుమీద వుంది. ఈలోగా అసలు ప్రతిని నేనే మరో కంప్యూటరునుంచి దిద్దివుండవచ్చు. అందువల్ల ఫైలు తెరిచినప్పుడల్లా వీనస్ గిడ్డంగిని, "ఇది మారిందా?" అని అడిగేవాడు. చాలాసార్లు "మారలేదు" అనే జవాబు వచ్చేది. ఒక్కడు అడిగితే ఫరవాలేదు. అందరు వీనస్‌లూ అన్ని ఫైళ్ల గురించీ అడుగుతుంటే గిడ్డంగికి జవాబులు చెప్పడంతోనే సరిపోయింది. ఒక గిడ్డంగి సుమారు 20 మందికి మించి సేవ చేయలేకపోయింది.

అప్పుడు పద్ధతిని తిరగవేశారు. నకలు ఇచ్చేటప్పుడే గిడ్డంగి ఒక మాట ఇస్తుంది: "నువ్వు మాటిమాటికీ అడగవద్దు. ఇది మారితే నేనే కబురు పంపుతాను." కబురు రానంత కాలం వీనస్ తన నకలును నిశ్చింతగా వాడుకోవచ్చు. ఈ మార్పుతోనూ, మరికొన్ని మార్పులతోనూ అదే గిడ్డంగి సుమారు 50 మందికి సేవ చేయగలిగింది. 1988లో వారు ఈ సంగతులు ప్రకటించారు. కొత్త యంత్రం కొనడం కాదు. ఎవరు ఎవరిని అడగాలి అన్నది మార్చడంతోనే చాలావరకు పని జరిగింది.

మూడు తలల కాపలాకుక్క

గిడ్డంగి బాగుంది. మరి దాని తలుపు దగ్గర ఎవరుండాలి? ఏ కంప్యూటరునుంచైనా నా పెట్టె తెరవవచ్చునంటే, ఏ కంప్యూటరునుంచైనా మరొకడు నా పెట్టె తెరవడానికి ప్రయత్నించవచ్చునని కూడా అర్థం.

ఈ చిక్కును విప్పినది ఎం.ఐ.టి. అక్కడ 1983 మే నెలలో డిజిటల్, ఐ.బి.ఎం. కంపెనీల సాయంతో అథీనా అనే పని మొదలయింది. అథీనా గ్రీకుల చదువుల దేవత. ఆ పని 1991 దాకా సాగింది. అక్కడా కోరిక ఒకటే: ఏ కంప్యూటరైనా ఎవరికైనా పనికి రావాలి. అథీనా వారు ఒక గట్టి నియమం పెట్టుకున్నారు. అందరూ కూర్చునే కంప్యూటరును గిడ్డంగి నమ్మకూడదు. తీగమీద పోయే మాటలను దొంగ వినవచ్చు. అందుచేత పాస్‌వర్డు తీగమీద ప్రయాణం చేయనేకూడదు.

పాస్‌వర్డు పంపకుండా మనిషిని గుర్తుపట్టడం ఎలా? స్టీవ్ మిల్లర్, క్లిఫర్డ్ న్యూమన్ అనేవారు కెర్బరోస్ అనే పద్ధతి తయారుచేశారు. గ్రీకు కథల్లో కెర్బరోస్ పాతాళం వాకిట కాపలా వుండే మూడు తలల కుక్క. మన యముడికి కూడా నాలుగేసి కళ్లున్న రెండు కుక్కలున్నాయని ఋగ్వేదంలో వుంది!

మీరు కంప్యూటరుకు మీ పేరు చెబుతారు. అది కెర్బరోస్‌కు మీ పేరు మాత్రమే పంపుతుంది. కెర్బరోస్ ఒక టిక్కెట్టును పెట్టెలో పెట్టి, మీ పాస్‌వర్డునుంచి తయారయ్యే తాళంచెవితో మాత్రమే తెరుచుకునేలా తాళం వేసి పంపుతుంది. పెట్టె మధ్యదారిలో దొంగ చేతికి చిక్కినా అతనికది ఉత్త డబ్బా. మీరు మీ ముందున్న కంప్యూటరులో పాస్‌వర్డు టైపు చేస్తే, అది అక్కడికక్కడే తాళంచెవి చేసి పెట్టె తెరుస్తుంది. మీరు మీరే గనక తెరుచుకుంటుంది, కాకపోతే తెరుచుకోదు. ఆ టిక్కెట్టు చూపించి ఫైళ్ల గిడ్డంగికీ, అచ్చు యంత్రానికీ వేరువేరు చీట్లు తెచ్చుకోవచ్చు. మళ్లీమళ్లీ పాస్‌వర్డు కొట్టనక్కరలేదు.

టిక్కెట్టుకు గడువు కూడా వుంటుంది. నాలుగో కెర్బరోసులో గడువును అయిదు నిమిషాల లెక్కన ఒక చిన్న గడిలో రాసేవారు. ఆ గడిలో పట్టే పెద్ద అంకె వేసినా సుమారు 21 గంటలకు మించదు. సినిమా టిక్కెట్టు మరునాటి ఆటకు పనికిరాదు గదా, ఇదీ అంతే.

గిడ్డంగులు చాలా వున్నప్పుడు నా పెట్టె ఎందులో వుందో చెప్పడానికి అథీనాలో మరో సేవకుణ్ణి పెట్టారు. అతనికి హెసియోడ్ అని ఒక గ్రీకు కవి పేరు పెట్టారు.

ఇక ఈనాటి సంగతి. బళ్లల్లో, కచేరీల్లో వాడే విండోస్ కంప్యూటర్లు కూడా 2000వ సంవత్సరంనుంచి ఇటువంటి ఏర్పాటులో కెర్బరోస్‌నే వాడుతున్నాయి. మీ ఇంట్లో కొత్త సెల్‌ఫోను కొని, పాత పేరుతో ప్రవేశించగానే పెద్దమ్మ నంబరు, బాబాయి నంబరు వాటంతట అవే వస్తాయి చూడండి. అవి దూరాన గిడ్డంగిలో దాచి వుండబట్టే వస్తాయి. 2015లో మన ప్రభుత్వం పెట్టిన డిజిలాకరులో చదువుల పత్రాలు ఏ కంప్యూటరునుంచైనా చూసుకోవడం కూడా ఈ కోవలోదే.

జాగ్రత్తలు

ఇంతటి సౌకర్యంలో నాలుగు లొసుగులు కూడా వున్నాయి. అవి చెప్పకపోతే నేను మళ్లీ సగం జవాబే చెప్పినవాణ్ణవుతాను.

ఒకటి: తీగ తెగితే? గాలివానకు మా వూళ్లో రెండు రోజులు నెట్‌వర్కు వుండదు. ఇది పిట్స్‌బర్గులో కూడా ఆలోచించారు. 1987లో సత్యనారాయణన్ బృందం కోడా అనే మరో పద్ధతి మొదలుపెట్టింది. కావలసిన నకళ్లు ముందే దగ్గర పెట్టుకుని, తీగ తెగినా పని సాగిస్తూ, తీగ కలవగానే మార్పులన్నీ గిడ్డంగికి చేర్చడం దాని విశేషం. ఒకే ఫైలును ఇద్దరు రెండు రకాలుగా దిద్దితే మాత్రం, ఏది వుంచాలో కొన్నిసార్లు మనిషే చెప్పవలసి వస్తుంది.

రెండు: గిడ్డంగిలో వున్నంత మాత్రాన పోదని అనుకోకండి. ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరిగిపోతుంది. అందుకే ఎం.ఐ.టి.లో ప్రతివారి పెట్టెలోనూ "పాత ఫైళ్లు" అనే అర్థం వచ్చే పేరుతో ఒక అర పెట్టారు. అందులో నిన్నటి ప్రతి వుంటుంది. పొరపాటున చెరిపినవాడు అందులోంచి తీసుకోవచ్చు.

మూడు: లేచి పోయేటప్పుడు తలుపు వేయాలి. పని అయిన తరువాత లాగౌట్ చేయకుండా లేస్తే, తరువాత ఆ కుర్చీలో కూర్చున్నవాడికి మీ పెట్టె తెరిచి ఇచ్చినట్టే. అతను మంచివాడైనా సరే, మీదనుకోకుండా తనదనుకుని చెరపవచ్చు.

నాలుగు: ముందున్న కంప్యూటరే దొంగదైతే ఏ కుక్కా కాపాడలేదు. మీరు కొట్టిన ప్రతి మీటనూ రహస్యంగా రాసుకునే ప్రోగ్రాములున్నాయి. అందుచేత ముక్కూమొహం తెలియని చోట పాస్‌వర్డు కొట్టకండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పిల్లవాడికి కాలేజీ సీటు కోసం ఇంటర్నెట్టు సెంటరుకు వెళ్లినప్పుడు, "ఆ పాస్‌వర్డేదో నువ్వే పెట్టు నాయనా" అని అక్కడి కుర్రవాడితో అంటూ వుంటాం. అది ఇంటి తాళంచెవి ఇచ్చి వచ్చినట్టు. పాస్‌వర్డు పిల్లవాడి చేతే పెట్టించండి. లాగౌట్ అయ్యేదాకా పక్కనే నిలబడండి.

చేసి చూడండి

మీ తరగతిలో ఒకరు గిడ్డంగి కావాలి. అయిదుగురు అయిదు బల్లల దగ్గర కూర్చోవాలి. గిడ్డంగి దగ్గర ఒక వాక్యం రాసిన కాగితముంటుంది. అయిదుగురికీ దాని నకళ్లివ్వండి. ఒక్కొక్కరూ పదేసిసార్లు తమ నకలు చదవాలి. మధ్యలో ఎవరో ఒకరు ఒక్కసారి వాక్యం మార్చి, కొత్తది గిడ్డంగికివ్వాలి.

మొదటి ఆటలో, చదివే ముందు ప్రతిసారీ "మారిందా?" అని అడగండి. 50 సార్లు అడగవలసి వస్తుంది. రెండో ఆటలో ఎవరూ అడగవద్దు. వాక్యం మారినప్పుడు మిగతా నలుగురికీ గిడ్డంగే కబురు చెప్పాలి. నాలుగు కబుర్లతో సరి. రెండు ఆటల్లోనూ ఎవరూ పాత వాక్యం చదవకూడదు సుమా! చదివితే ఎక్కడ తప్పు జరిగిందో వెతకండి.

ఇంతకూ ఆ బావుల అమ్మాయి ఏం చేసిందో చెప్పలేదు గదూ? కొలతలు రాసుకున్న నోటుపుస్తకం ఆమె దగ్గర భద్రంగా వుంది. రెండు రోజులు కూర్చుని అట్టలమీద చేత్తో బొమ్మలు గీసి ప్రదర్శనలో పెట్టింది. కంప్యూటరులో వేసినన్ని రాలేదు, సగమే వచ్చాయి. అయినా ప్రతి బావి లెక్కా సరిగానే వుంది. పని ఒక్కచోటే దాచకూడదన్నది ఆ నోటుపుస్తకం నాకు నేర్పిన పాఠం. మీరు ఈ సాయంత్రం ఏ కంప్యూటరు ముందునుంచి లేచినా, లేవబోయే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: "నా పని రెండోచోట ఎక్కడుంది? నా పెట్టె మూశానా?"